అంట్లు తోమే చోట ఎరుక

థిక్ నాట్ హాన్ రాసిన 'ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్' చదివినవాళ్ళకు ఇంకేమీ గుర్తు లేకపోయినా గిన్నెలు కడిగే సంగతి మాత్రం గుర్తుంటుంది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ గిన్నెలు కడగడమే మన పని కావాలని, ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు వెళ్ళి టీ తాగుదామా అని తొందరపడే మనిషి ఆ కాసేపూ బతికి ఉన్నట్టు కాదని, అలాంటి మనిషికి చివరికి టీ తాగడం కూడా చేతకాదని ఆయన చెబుతారు. ఈ ఒక్క ముక్కను ఈ యాభై ఏళ్ళలో ఎన్ని చోట్ల వాడుకున్నారో లెక్కలేదు. కంపెనీల శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు, ఫోన్ యాప్‌లలో వినిపిస్తున్నారు, వారాంతపు ధ్యాన శిబిరాల్లో వల్లిస్తున్నారు. బాబాసాహెబ్ దారిలో బుద్ధుడి దగ్గరకు వచ్చిన మన ఇళ్ళలో కూడా చదువుకున్న పిల్లలు ఈ పుస్తకం చేతిలో పట్టుకుని, బుద్ధుడు చెప్పింది ఇదేనా అని అడుగుతున్నారు. అడగడం మంచిదే. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదు గనక ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

ముందు గుర్తుపెట్టుకోవలసింది, అది ఒక ఉత్తరం. 1974లో ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉన్న థిక్ నాట్ హాన్, దక్షిణ వియత్నాంలో ఉన్న క్వాంగ్ అనే సహచరుడికి రాసిన పొడుగాటి ఉత్తరం. క్వాంగ్ యువజన సామాజిక సేవా పాఠశాలలో ముఖ్య కార్యకర్త. అరవైల మధ్యలో ఆ పాఠశాలను మొదలుపెట్టిన వాళ్ళలో థిక్ నాట్ హాన్ ముఖ్యులు. అక్కడి యువతీ యువకులు పల్లెలకు వెళ్ళి బాంబులకు కూలిన ఇళ్ళను తిరిగి కట్టారు, బళ్ళు పెట్టారు, వైద్యం అందించారు. పోరాడుతున్న రెండు పక్షాల్లో ఎవరి తుపాకీనీ సమర్థించబోమన్నారు, అందువల్ల రెండు పక్షాల కంటికీ అనుమానితులయ్యారు. కొందరిని ఎత్తుకుపోయారు, కొందరిని చంపారు. 1966లో శాంతి గురించి మాట్లాడటానికి అమెరికా వెళ్ళిన థిక్ నాట్ హాన్‌కు స్వదేశం తలుపులు మూసుకుపోయాయి. ఆ మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ ఆయన పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. అంత దూరంలో కూర్చుని, చావుల మధ్య పనిచేస్తున్న తన వాళ్ళు అలసటతోనూ కోపంతోనూ విరిగిపోకూడదని ఆయన రాసిన ఉత్తరం 1975లో ఇంగ్లీషు పుస్తకమైంది.

ఈ చిరునామా తెలిశాక గిన్నెల సంగతి వేరేగా వినిపిస్తుంది. ఊపిరి గమనించు, నడిచేటప్పుడు నడకను తెలుసుకో, వారంలో ఒక రోజు పూర్తిగా ఎరుకకు కేటాయించుకో అని ఆయన చెప్పింది, రేపు తిరిగి పల్లెలోకి వెళ్ళవలసిన మనిషికి. ఆ పనిలోనుంచి మనిషిని తీసేసి సలహాను మాత్రం మిగుల్చుకుంటే, సరిగ్గా ఈ రోజుల్లో అమ్ముడవుతున్న సరుకు తయారవుతుంది.

ఆయన ఆ పనిని పై నుంచి చూసి చెప్పలేదు కూడా. హ్యూ నగరం దగ్గర తూ హియూ విహారంలో తాను చిన్న సామణేరుడిగా ఉన్న రోజుల గురించి పుస్తకంలో రాశారు. వర్షావాస కాలంలో ఇద్దరే సామణేరులు వందమందికి పైగా భిక్షువులకు వండి, ఆ గిన్నెలన్నీ కడగాలి. సబ్బు లేదు. బూడిద, ఊక, కొబ్బరి పీచు, అంతే. చలికాలంలో ముందు పెద్ద కాగుతో నీళ్ళు కాచుకుంటే తప్ప చేతులు పెట్టలేరు. తెలుగు పల్లెల్లో పుట్టిన మనకు ఆ బూడిదా ఆ పీచూ ఎవరూ వివరించనక్కరలేదు. మన అమ్మలు, అమ్మమ్మలు, వాళ్ళతోపాటు ఊరివాళ్ళ వాకిళ్ళలో పనిచేసిన మన వాడల ఆడవాళ్ళు, అందరి చేతివేళ్ళ సందుల్లో ఉన్నవే.

అయితే మన భాషలో ఆ పనికి ఇంకో పేరుంది. అంట్లు తోమడం. అంటు అంటే తాకడం, అంటు అంటే మైల. తిని వదిలిన గిన్నె అంటయింది, దాన్ని తోమడానికి వచ్చిన మనిషిని ఆ ఇంటివాళ్ళు అంటకుండా తప్పుకున్నారు. అంటరానితనం అన్న మాటా, అంట్లు అన్న మాటా ఒకే వేరు నుంచి మొలిచాయి. వియత్నాం విహారంలో గిన్నె కేవలం గిన్నె. ఇక్కడ అది ఎవరు తిన్నారు, ఎవరు తోమాలి అన్న తీర్పుతో సహా వస్తుంది. అందుకే గిన్నె కడగడమే ధ్యానం అన్న మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక ప్రశ్న తప్పదు: ఎవరి గిన్నె? తన కంచం తాను కడుక్కునేవాడు ఎరుకతో కడిగితే అది సాధన. నాలుగిళ్ళలో అంట్లు తోమి, ఐదో ఇంటికి పరుగెత్తే మనిషికి ఈ క్షణంలో ఉండమ్మా అని చెప్పడం మరొకటి. ఇంటి పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. ఆ మనిషికి సెలవు లేదు, లిఖితపూర్వకమైన ఒప్పందం లేదు. ఆమె మనసు తరువాతి ఇంటి మీదికి పోతోందంటే అది చపలచిత్తం కాదు, ఆలస్యమైతే జీతం కోస్తారన్న లెక్క.

ఇది థిక్ నాట్ హాన్ మీద నింద కాదు. ఆయన రాసిన విహారంలో ఆ ప్రశ్న లేదు. మన దగ్గర ఉంది. తెచ్చుకునేవాళ్ళమే దాన్ని వేసుకోవాలి.

ఇక బుద్ధుడు చెప్పింది ఇదేనా అన్న ప్రశ్న. పాళీలో మాట సతి. తెలుగు చెవికి సతి అనగానే పతీ సతులు గుర్తొస్తారు, అది వేరే సంస్కృత మాట. పాళీ సతికి సంస్కృత రూపం స్మృతి, అంటే జ్ఞాపకం. ఇంగ్లీషువాళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ అన్నాక ఈ జ్ఞాపకం అన్న అర్థం మెల్లగా జారిపోయి, ఇప్పుడు ఇక్కడ అన్నది ఒక్కటే మిగిలింది. అంగుత్తర నికాయంలో సరిహద్దు నగరం ఉపమానం ఒకటుంది. కోటకు తెలివైన కావలివాడు ఉంటాడు, తెలియనివాళ్ళను ఆపుతాడు, తెలిసినవాళ్ళను లోపలికి పోనిస్తాడు. సతి ఆ కావలివాడు. అక్కడే సతి ఉన్న మనిషి లక్షణం కూడా చెప్పారు. ఎప్పుడో చేసినదాన్ని, ఎప్పుడో పలికినదాన్ని గుర్తుంచుకోగలిగినవాడని. న్యాయశాస్త్రం చదువుకున్న మాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా సాక్షి గుర్తుకొస్తాడు. ఎప్పుడు జరిగింది, ఎవరేమన్నారు, ఎవరు చూశారు. బోనులో నిలబడిన సాక్షికి కావలసిన గుణమే సాధకుడికి కావాలన్నమాట.

(స్మృతి అన్న మాటను మనకు ముందు వినిపించింది మనువు. ఎవరెక్కడ నిలబడాలో వేరేవాళ్ళు గుర్తుపెట్టుకుని మనకు చెప్పిన స్మృతి అది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ దాన్ని తగలబెట్టించారు. బుద్ధుడి స్మృతికి కావలి ఎవరికి వారే.)

మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్త తెరిచి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. శరీరం, వేదన, చిత్తం, ధమ్మాలు అని నాలుగింటిని గమనించమంటారు. ప్రతి భాగం చివరా ఒకే పల్లవి తిరిగి వస్తుంది. లోపల గమనించడం, బయట గమనించడం, లోపలా బయటా గమనించడం. లోపల అంటే తనలో, బయట అంటే ఇతరులలో అని అట్ఠకథ వివరణ. తన ఊపిరితోపాటు పక్కవాడి ఊపిరి, తన నొప్పితోపాటు పక్కవాడి నొప్పి. నేటి మైండ్‌ఫుల్‌నెస్ ఈ పల్లవిలో మొదటి ముక్క ఉంచుకుని రెండోది వదిలేసింది. కళ్ళు మూసుకోవడంతో మొదలై కళ్ళు మూసుకోవడంతోనే ముగిసిపోతోంది.

ఆ సుత్తను కురు దేశంలో కమ్మాసధమ్మ అనే పట్టణం దగ్గర చెప్పారు. అంత లోతైన బోధ అక్కడే ఎందుకు చెప్పారన్నదానికి అట్ఠకథలో ఒక వివరణ ఉంది. ఆ దేశంలో దాసులు, పనివాళ్ళు కూడా సతిపట్ఠానం గురించే మాట్లాడుకునేవారట. నీళ్ళ రేవుల దగ్గర, నూలు వడికే చోట్ల కూడా అదే మాటట. నీవు ఏ సతిపట్ఠానం సాధన చేస్తున్నావమ్మా అని ఒకరినొకరు అడిగేవారట. చరిత్రగా దీన్ని ఎంతవరకు నమ్మాలన్నది అలా ఉంచండి, ఎరుక అనేది నీళ్ళ బిందె ఎత్తే చోట ఉండేదని ఆ సంప్రదాయం ఊహించుకుంది. కొండమీద విడిది చూసుకోలేదు.

సంయుత్త నికాయంలో వెదురుగడ మీద ఆట ఆడే గురుశిష్యుల కథ ఉంది. నన్ను నువ్వు చూసుకో, నిన్ను నేను చూసుకుంటానని గురువు అంటాడు. అలా కాదు, ఎవరి తూకం వాళ్ళు చూసుకుంటేనే ఇద్దరం క్షేమంగా దిగుతామని శిష్యుడు అంటాడు. బుద్ధుడు శిష్యుడి పద్ధతిని మెచ్చుకుంటారు, అంతటితో ఆగరు. తనను కాపాడుకోవడంలో ఇతరులను కాపాడటం ఉంది, ఇతరులను కాపాడటంలో తనను కాపాడుకోవడం ఉంది అంటారు. రెండోదానికి ఓర్పు, అహింస, మైత్రి, కరుణ కావాలంటారు. కథలో సగం చెప్పి ఆపేసేవాళ్ళను మేము చాలామందిని చూశాం.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఒత్తిడి తగ్గించే క్లినిక్ ఒకటి మొదలుపెట్టారు. ఎనిమిది వారాల కోర్సు. మానని నొప్పులతో బాధపడే రోగులకు అది మేలు చేసిందనడంలో మాకు అభ్యంతరం లేదు. మా పేచీ ఆయన ఇచ్చిన నిర్వచనంతో. మంచిచెడ్డల తీర్పు ఏదీ ఇవ్వకుండా ఈ క్షణం మీద ధ్యాస పెట్టడమే మైండ్‌ఫుల్‌నెస్ అన్నది ఆ నిర్వచన సారాంశం. నొప్పితో ఉన్న రోగికి ఆ మాట మందు. కానీ కోట కావలివాడు తీర్పు ఇవ్వకుండా ఎలా కావలి కాస్తాడు? ఆపవలసినవాణ్ణి ఆపడమే వాడి ఉద్యోగం. ఆసుపత్రి నుంచి ఆ నిర్వచనం కంపెనీలకు, సైన్యానికి వెళ్ళింది. అక్కడ తీర్పు ఇవ్వకపోవడం ఎవరికి సౌకర్యమో వేరే చెప్పాలా?

ఊపిరి దగ్గరికే వద్దాం. సాధన అంతా ఊపిరితో మొదలవుతుంది. మన దేశంలో ఊపిరి సాక్షాత్తూ ప్రాణసమస్య అయిన పని ఒకటుంది. మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషి పని. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగిన కొద్దీ వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అంటే ప్రమాదం ఎక్కువైన క్షణంలోనే ముక్కు ఏమీ లేదని చెబుతుంది. ఎంతటి ధ్యాని అయినా తన శ్వాస మీద ఎంత ధ్యాస పెట్టినా ఆ విషాన్ని పట్టుకోలేడు. అతణ్ణి కాపాడేది పైన నిలబడినవాళ్ళ ఎరుక. గాలిని కొలిచే పరికరం పెట్టారా, యంత్రం తెప్పించారా, అసలు దిగవద్దన్నారా? ఇదే బయట గమనించడం. 2013 చట్టం మనుషుల చేత ఇలాంటి ప్రమాదకర శుభ్రత చేయించడాన్ని నిషేధించింది. 1993 నుంచి ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీం కోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబర్‌లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు పెరిగింది, దిగడం ఆగలేదు. ఒక పట్టణంలో పారిశుధ్య కార్మికులకు ఒత్తిడి తగ్గడానికని ధ్యాన తరగతి పెట్టారు. చేతి తొడుగుల సంగతి అడిగితే అది వేరే విభాగం అన్నారు. పేరు ఎందుకులెండి.

పుస్తకం చివరి అధ్యాయంలో టాల్‌స్టాయ్ కథ ఒకటి చెబుతారు థిక్ నాట్ హాన్. అన్నిటికన్నా ముఖ్యమైన కాలం ఏది, ముఖ్యమైన మనిషి ఎవరు, ముఖ్యమైన పని ఏది అని రాజు వెతుకుతాడు. ఈ క్షణమే కాలం, ఎదురుగా ఉన్న మనిషే ముఖ్యుడు, ఆ మనిషికి మేలు చేయడమే పని అని తేలుతుంది. ఇంట్లో భార్యకూ బిడ్డకూ పక్కన పనిచేసే సహచరుడికీ మేలు చేయలేనివాళ్ళం ప్రజాసేవ గురించి ఏం మాట్లాడతాం అని తన కార్యకర్తలను గుచ్చి అడుగుతారు. మా తరం కార్యకర్తలు ఈ అధ్యాయాన్ని ఏడాదికి ఒకసారైనా చదవాలి. సభలో సమానత్వం మాట్లాడి ఇంటికి వచ్చి, తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోయే మగవాళ్ళు మన ఉద్యమంలో తక్కువేం కాదు.

కానీ ఆ కథకు ఒక హద్దు ఉంది. ఎదురుగా ఉన్న మనిషిని అది చూపిస్తుంది, ఎదురుగా లేని మనిషిని చూపించదు. మురుగు గుంత దగ్గర నిలబడితే కనిపించేది శవం, ఏడుస్తున్న భార్య. కాంట్రాక్టర్ కనిపించడు. టెండరు కాగితం మీద సంతకం కనిపించదు. మూడేళ్ళ క్రితం ఇదే వీధిలో మరొకరు చనిపోయినప్పుడు ఇచ్చిన హామీ కనిపించదు. వాటిని ఆ క్షణంలోకి తెచ్చేది జ్ఞాపకం. ఎప్పుడో చేసినదాన్ని, ఎప్పుడో పలికినదాన్ని గుర్తుంచుకోవడమని నికాయం చెప్పింది సరిగ్గా ఇక్కడ అక్కరకొస్తుంది. గతాన్ని తలచుకోవడం సాధనకు అడ్డు అని చెప్పే గురువులు మజ్ఝిమ నికాయంలోని భద్దేకరత్త సుత్తను చూపిస్తుంటారు. గడిచినదాని వెంట పడవద్దని అందులో ఉన్న మాట నిజమే. వెంట పడటమంటే దాని మీద మోజుతో తగులుకోవడమని ఆ సుత్తే వివరిస్తుంది. గతాన్ని మరిచిపొమ్మని ఎక్కడా లేదు. పైగా చేయవలసిన ప్రయత్నం ఇవాళే చేయమంటుంది. ఇవాళ చేయవలసింది ఫిర్యాదు అయితే ఫిర్యాదు.

మన మిత్రుల్లో కొందరు దీనికి పూర్తిగా ఎదురు వాదన చేస్తారు. ధ్యానం అంతా మత్తుమందు, బాబాసాహెబ్ మనకు ఇచ్చింది సామాజిక బుద్ధుణ్ణి, కళ్ళు మూసుకుని కూర్చోవడం మనకెందుకు అంటారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది, వాదన మాత్రం నిలవదు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ అష్టాంగ మార్గాన్ని వివరిస్తూ సమ్మా సతిని మనసు ఎప్పుడూ మేలుకుని ఉండటంగా, దుష్ట వికారాల మీద కాసే కావలిగా చెప్పారు. రెండువేల ఏళ్ళ నాటి కోట కావలివాడే ఆయన మాటల్లో తిరిగి వచ్చాడు. మజ్ఝిమ నికాయం 117వ సుత్త మరీ సూటిగా చెబుతుంది. ఎరుకతో తప్పుడు జీవనోపాధిని వదలడం, ఎరుకతో సరైన జీవనోపాధిలో నిలవడం, అదే సమ్మా సతి. అంటే సతికి ముందుగానే సమ్మా అన్న షరతు ఉంది. గురి చూసే వేటగాడికీ ఏకాగ్రత ఉంటుంది, దానికి ఆ షరతు లేదు.

ఇంకొక మాట, పనిచేసేవాళ్ళ మధ్య చెప్పుకోవలసింది. ఏళ్ళ తరబడి పోలీసు స్టేషన్లు, కలెక్టర్ ఆఫీసుల వరండాలు తిరిగేవాళ్ళకు కోపం ఒక అలవాటవుతుంది. గుమస్తా మీద చూపవలసిన కోపం బాధితురాలి మీద పడుతుంది. ఆమె చెబుతున్నది పూర్తిగా వినకముందే మన నోటి నుంచి సెక్షన్ నంబర్ వచ్చేస్తుంది. అక్కడ మూడు ఊపిరులసేపు ఆగి, ఆమె మాట చివరిదాకా వినడం వల్ల కేసులో తేదీలు సరిగ్గా నిలిచిన సందర్భాలు మాకు తెలుసు. వారానికొక ఎరుక రోజు అన్న థిక్ నాట్ హాన్ సలహా విలాసం కాదని అందుకే అంటున్నాం. యుద్ధం మధ్య ఉన్నవాళ్ళకు ఆయన అది తప్పనిసరి అన్నారు.

పుస్తకంలో మాకు కొరుకుడుపడనిది మొదటి అధ్యాయంలోని ఆలెన్ అనే మిత్రుడి ముచ్చట. భార్యతో, కొడుకుతో గడిపే సమయం కూడా తన సొంత సమయమే అనుకోవడం మొదలుపెట్టాక తనకు సమయానికి కొదవ లేకుండా పోయిందని అతను సంబరంగా చెబుతాడు. బాగుంది. చంటిబిడ్డతో అలసిన భార్యకు సొంత సమయం ఎక్కడి నుంచి వస్తుందో ఆమె నోట వినిపించదు. పుస్తకం మొదట్లోనే వచ్చే ముచ్చట కాబట్టి ఈ లోటు చిన్నది కాదు.

మన విహారాల్లో ఈ పుస్తకాన్ని కలిసి చదివేవాళ్ళు, చాలామంది తిప్పకుండా వదిలేసే చివరి పేజీలు వదలవద్దు. థిక్ నాట్ హాన్ అక్కడ కొన్ని సుత్తాలు చేర్చారు, సతిపట్ఠాన సుత్త వాటిలో ఉంది. దానిలో ఎరుకతో చేయవలసిన పనుల జాబితా వస్తుంది. ముందుకు నడవడం, వెనక్కి రావడం, చూడటం, చేయి ముడవడం, చాపడం, తినడం, తాగడం, మలమూత్ర విసర్జన. శిబిరాల్లో ఆ చివరి మాట దగ్గర గొంతు తగ్గించి దాటేస్తారు. అక్కడే ఆగి, వినయ పిటకంలో చుళ్ళవగ్గ తీసి పక్కన పెట్టుకుని చదవండి. మరుగుదొడ్డిని ఎలా వాడాలో అక్కడ పెద్ద నియమావళే ఉంది. మురికిగా కనిపిస్తే చూసిన భిక్షువే కడగాలి. కడుక్కునే నీళ్ళు కుండలో అయిపోతే చూసినవాడే నింపాలి. లోపలికి వెళ్ళే వరసలో పెద్దరికం లెక్కలేదు, ముందు వచ్చినవాడు ముందు. పువ్వుల చెత్త ఎత్తే సునీతుడు భిక్షువైన సంఘం అది. అతని తరువాత వచ్చిన క్షత్రియుడు అతని వెనకే నిలబడాలి.